పేరు తర్వాత, ముందు మచ్చ చూడు

తమ్మీ,

నీ వ్యాసం చదివాను. దేవరకొండ దిక్కు బత్తాయి తోట, బోరు దగ్గరి తడిమట్టి, ఆ ఎండ అంతా కళ్లకు కట్టింది. సీతాకోకచిలుక దగ్గరికొచ్చేసరికి మాత్రం "రంగురంగుల రెక్కలు" అని చేతులు దులుపుకున్నావు, పైగా దానికి కామన్ రోజ్ అని పేరు పెట్టేశావు. ఏం చూసి పెట్టావు?

నల్ల రెక్కలు, వెనక రెక్క మధ్యలో తెలుపు, అంచున ఎర్ర మచ్చలు అన్నావు. బత్తాయి తోటలో అలాంటిది చెట్ల చుట్టూ తిరుగుతుందంటే నాకైతే ముందు కామన్ మోర్మన్ ఆడదేమో అనే అనుమానం వస్తుంది. దాని గొంగళిపురుగులు తినేది నిమ్మ, బత్తాయి, కరివేపాకు లాంటివే, చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఆకుకు అంటుకొని ఉంటాయి, తోట రైతును అడుగు, తిట్టుకుంటూనే చూపిస్తాడు. ఆ ఆడవాటిలో కొన్ని విషమున్న రోజ్ వేషం వేస్తాయి, పిట్టలు ముట్టకుండా. రెక్కలు మోసం చేస్తాయి కానీ ఒళ్లు చేయదు. రోజ్‌కు తల, పొట్ట ఎర్రగా ఉంటాయి, మోర్మన్ ఒళ్లు నలుపే.

జిల్లేడు దగ్గర ఇంకో తిరకాసు ఉంది. నారింజ రంగు ప్లెయిన్ టైగర్‌కు డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది నకలు (మగదేమో నల్లరెక్కల మీద పెద్ద తెల్లమచ్చలతో ఉంటుంది, ఆ రెండూ జంటంటే ఎవరూ నమ్మరు). వెనక రెక్క చూడు: టైగర్‌కు నడుమ మూడు నల్లచుక్కలు, మగదానికి ఇంకోటి ఎక్కువ. ఎగ్‌ఫ్లైకి పై అంచు దగ్గర ఒక్కటే.

తంగేడు చుట్టూ తిరిగే పసుపు సీతాకోకచిలుకల జోలికి ఇప్పుడే పోకు. కామన్ గ్రాస్ ఎల్లోకు ముందు రెక్క అడుగున, మొదలు దగ్గర, మామూలుగా రెండు చిన్నచుక్కలు, త్రీ స్పాట్ గ్రాస్ ఎల్లోకు మూడు. ఎండాకాలం వాటికి అడుగున గోధుమ మరకలు ముదురుతాయి కాబట్టి తేదీ కూడా రాసుకోవాలి. చుక్కలు కనపడకపోతే "ఏదో గ్రాస్ ఎల్లో" అని రాసెయ్, పరువేం పోదు.

ఇదంతా వ్యాసంలో కుక్కమనడం లేదు. "ఒళ్లు నల్లగా ఉంది" అన్న ఒక్కమాట చాలు, నీ మూడు "అందమైన"లు కొట్టేయొచ్చు. ఈసారి ఫోటో పైనుంచే కాదు, పక్కనుంచి కూడా తియ్యి, ఒళ్లూ రెక్క అడుగూ పడాలి. చూసుకొని ఆ సీతాకోకచిలుక పేరా మార్చి పంపు.

మీ అన్న