ముందు అంచు తడిమి చూడు

చిన్నా,

తొలి బోనస్ డబ్బులతో గోథెన్‌బర్గ్‌లో స్వీడన్ కుమ్మరి బెర్న్ట్ ఫ్రీబెర్గ్ చేసిన స్టోన్‌వేర్ (గట్టిగా కాల్చిన మట్టి) వాజ్ వేలంలో పాడబోతున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇన్నాళ్లకు మన ఇంట్లో ఇంకొకడికి ఈ పిచ్చి పట్టిందని మురిసిపోయాను. ఆ తర్వాత రాత్రంతా టెన్షనే.

అడుగున చెక్కిన సంతకం, ఆయన పనిచేసిన గుస్తావ్స్‌బెర్గ్ ఫ్యాక్టరీ స్టూడియో వాళ్ల చెయ్యి బొమ్మ గుర్తు, ఏడాది తెలిపే అక్షరం చూసుకో. పాట మీద వేలంవాళ్ల కమిషన్ కూడా పడుతుంది, లెక్కేసుకో. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా వాజ్ మూతి అంచు గురించే. స్టాక్‌హోమ్‌లో ఉన్నప్పుడు మీ పెదనాన్న ఇలాగే సంతకం చూసి ఒకటి కొనేశారు. నీలం మీద గోధుమ చారలు, కుందేలు బొచ్చు అని పిలిచే గ్లేజ్, అంటే మట్టి మీది గాజు పూత. ఇంటికొచ్చి కిటికీ దగ్గర పెడితే బయటపడింది. కొలిమిలో గ్లేజ్ కరిగి కిందికి జారుతుంది కదా, అందుకే అంచు దగ్గర పలచబడి సన్నటి గోధుమ గీత మిగులుతుంది. దానికి మాత్రం ఒక పక్క వేలెడు మేర ఆ గీతే లేదు. పెదవికి ఆనిస్తే మిగతా అంచంతా చల్లగా ఉంది, అక్కడ లేదు. విరిగినచోట రెజిన్ పెట్టి రంగేశారు! అమ్మినాయన నోరు విప్పలేదు. ఈయన అడగనూ లేదు, మొహమాటం. ఆ మొహమాటానికి మేం ఎన్నిసార్లు డబ్బు కట్టామో మీ నాన్నని అడుగు. నీదీ అదే పోలిక, అదే నా బాధ.

కాబట్టి వేలానికి ముందే వెళ్లి చేత్తో పట్టుకుని చూడు. రిపేరు ఉందా అని అడిగి, జవాబు రాతలో తీసుకో. అతినీలలోహిత టార్చి వేస్తే అతుకు చాలాసార్లు వేరే రంగులో మెరుస్తుంది.

ఫ్రీబెర్గ్ మొదట్లో గుస్తావ్స్‌బెర్గ్ డిజైనర్ విల్హెల్మ్ కోగె డిజైన్లను సారె మీద తీసిన కుమ్మరి. మిలాన్ ట్రియెన్నాలే అనే డిజైన్ ప్రదర్శనలో బంగారు పతకాలు వచ్చాక కూడా తన వాజ్‌లు తనే తీశాడు. ఆ అంచు ఆయన వేళ్లు తేల్చిన అంచు నాన్నా, రంగు పూసినదానికి అంత డబ్బు పెట్టకు.

బోనస్ చాలకపోతే ఆయన చేసిన బుల్లి వాజ్‌లు చూడు, అరచేతిలో పడతాయి. అదీ చాలకపోతే నాకు ఫోన్ చెయ్యి. మీ అమ్మకు చెప్పకు.

మీ పెద్దమ్మ