ఆటల సందేహాలు: ఊరాంగ్ ఇండియన్స్ ఎవరు?

ప్రశ్న: ఎన్‌ఎఫ్‌ఎల్ (బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌కి అక్కడి పెద్ద లీగ్) పాత జట్లలో ‘ఊరాంగ్ ఇండియన్స్’ పేరు 1922, 1923లో మాత్రమే కనిపిస్తోంది. ఊరాంగ్ అన్నది తెగ పేరా? రెండేళ్లకే ఎందుకు మూతపడింది? మా కాలేజీ స్పోర్ట్స్ డేకి ఆ కాలం పద్ధతిలో ప్రదర్శన ఆట పెట్టాలనుంది. గ్రౌండు ఎలా గీయాలి?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: తెగ పేరు కాదు, కుక్కల వ్యాపారం పేరు. ఒహాయో రాష్ట్రంలోని లారూ అనే చిన్న ఊళ్లో వాల్టర్ లింగో ఎయిర్‌డేల్ జాతి కుక్కలను పెంచి అమ్మేవాడు. వాటి ప్రచారానికే జట్టు పెట్టాడు. లీగ్‌లో చేరడానికి కట్టింది 100 డాలర్లు. అతని దగ్గర మంచి కుక్క ఒక్కటే 150 పలికేదట! ఆటగాళ్లంతా అమెరికా మూలవాసులు. ఆడుతూనే కోచ్‌గా ఉన్నవాడు జిమ్ థోర్ప్, 1912 ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్ (అయిదు పోటీలు), డెకాథ్లాన్ (పది పోటీలు) రెండూ గెలిచిన మహానుభావుడు. అలాంటివాళ్ల ఆట కన్నా విరామంలో కుక్కల విన్యాసాలకూ నృత్యాలకే ఎక్కువ విలువ దక్కడం బాధ కలిగిస్తుంది.

లారూలో సరైన మైదానం లేదు. సొంత ఆటకైనా పక్కనున్న మారియన్ వెళ్లాల్సిందే, మిగతాదంతా ఊళ్లు తిరగడమే. పైగా అప్పట్లో అదే పదకొండు మంది దాడీ చేయాలి, అడ్డుకోనూ అడ్డుకోవాలి. థోర్ప్‌కి అప్పటికే ముప్పై అయిదు దగ్గరపడ్డాయి. 1922లో 9 ఆటల్లో 3, మరుసటి ఏడు 11లో ఒక్కటే గెలిచారు. కొత్త మోజు తీరాక జనం తగ్గారు, లింగో డబ్బు పెట్టడం మానేశాడు.

ఇక గ్రౌండు. పొడవు 360 అడుగులు, వెడల్పు 160. రెండు చివర్లా 30 అడుగులు ఎండ్‌జోన్‌కి (బంతి చేరిస్తే పాయింట్లు వచ్చే చోటు) వదిలి గోల్ లైన్ గీయండి, మధ్యలో ప్రతి 15 అడుగులకో గీత. నైలాన్ తాడుతో కొలిస్తే సాగి గీతలు వంకరపోతాయి, స్టీల్ టేపు వాడండి. మూలలు సరిగ్గా కుదిరాయా అంటే రెండు ఐమూలలూ 394 అడుగులు రావాలి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, ముగ్గుపిండి చాలు. ఆనాడు గోల్‌పోస్టులు గోల్ లైన్ మీదే ఉండేవి. పరుగెత్తేవాళ్లు గుద్దుకుంటారు కాబట్టి పాత పరుపులు చుట్టండి. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 30 అడుగులు ముందుకెళ్లాలి. ముందుకు పాస్ విసిరేవాడు బంతి మొదలైన గీతకు కనీసం 15 అడుగులు వెనక నిలబడాలి, అది అప్పటి రూలు. హెల్మెట్లు లేకుండా మాత్రం పట్టి పడేయనివ్వకండి, దానికి బదులు నడుముకు దోపిన గుడ్డపేలిక లాగితే పట్టుబడినట్టే.