పాత కట్టడాలను కాపాడటంలో సివిల్ ఇంజనీర్ ఏం చేయగలడు?

చాలా చేయగలడండి, ముందు సిమెంట్ బస్తా పక్కన పెడితే. నేను ముప్పై ఏళ్లు డెల్టా కాలువల మీద పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు పాత లాకులు (కాలువలో పడవల్ని ఎక్కించి దించే గేట్లు), వంతెనలు చూసుకుంటూ తిరుగుతుంటాను. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అనగానే కాటన్ దొర గుర్తొస్తాడు, కానీ దగ్గరుండి కూలీలతో పని నడిపించిన వీణెం వీరన్న గారిని కూడా తలచుకోవాలి.

కోనసీమలోని పి.గన్నవరం పాత అక్విడక్టు చూశారా? 49 కమానుల మీద కాలువ నదినే దాటేది! పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

అప్పటి కట్టడాలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం మెత్తన, గోడలోని తేమను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంట్ పూస్తే ఆ తేమ లోపలే ఆగి, ఉప్పు పేరుకుని, ఇటుకే పొడిగా రాలుతుంది. ఒక పాత లాకు దగ్గర సిమెంట్ పెచ్చు చేత్తో లాగితే వెనక అరంగుళం ఇటుక కూడా దానితోపాటే ఊడొచ్చింది, ప్రాణం ఉసూరుమంది.

రావి మొక్క మొలిస్తే పీకేయకండి, వేళ్లతోపాటు రాళ్లు కదులుతాయి. మొదలు కోసి, వేరు చచ్చాక ఆ సందులో సున్నమే నింపాలి. అన్నిటికన్నా ముందు ఫొటోలు తీసి, కొలతలు రాసి పెట్టుకోండి.