ప్లేఆఫ్స్ ఫలితంతో డ్రాఫ్ట్ వరుస మారాలా?

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) ప్లేఆఫ్స్‌లో ఎవరు ఎంత దూరం వెళ్లారో చూసి డ్రాఫ్ట్ వరుస, అంటే జట్లు కొత్త యువ ఆటగాళ్లను ఎంచుకునే వంతుల వరుస, మార్చడం న్యాయమా అని అడిగారు. న్యాయమే, కానీ ఒక్క వైపే. గెలుస్తూ పోయిన జట్టు వెనక్కి జరగొచ్చు. ఓడినందుకు మాత్రం ఎవరూ ముందుకు రాకూడదు.

ఇప్పటి లెక్క చాలావరకు అలాగే ఉంది. మొత్తం 32 జట్లు. ప్లేఆఫ్స్‌కి రాని 16 జట్లకు మొదటి రెండు స్థానాల కోసం లాటరీ ఉంటుంది. రెండుసార్లు తీస్తారు, గెలిచిన జట్టు 10 స్థానాలకు మించి ఎక్కడానికి వీల్లేదు. మొదటి రెండు రౌండ్లలో ఓడిన జట్లు 17 నుంచి 28 దాకా వస్తాయి. ప్లేఆఫ్స్‌కి ముందు జరిగే లీగ్ మ్యాచ్‌లలో పాయింట్లు తక్కువ తెచ్చుకున్నవి ముందు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: డివిజన్ (లీగ్‌లోని గ్రూపు) గెలిచిన జట్లను పాయింట్లతో పని లేకుండా ఈ గుంపు చివర పెడతారు. 2023లో 112 పాయింట్ల న్యూజెర్సీకి 26, 109 పాయింట్లే ఉన్న కొలరాడోకి 27 అందుకే వచ్చాయి. సెమీస్‌లో, అంటే కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో ఓడినవాళ్లకి 29, 30. రన్నరప్‌కి 31, చాంపియన్‌కి 32.

అదే ఏడాది ఫ్లోరిడా 92 పాయింట్లతో ప్లేఆఫ్స్‌లోకి వచ్చింది. ఆ 16 జట్లలో అన్నిటికంటే తక్కువ. ఎదురుగా 135 పాయింట్ల బోస్టన్. ఏడో మ్యాచ్‌లో బోస్టన్ 3-2తో ముందుంది. నిమిషం కూడా లేదనగా ఫ్లోరిడా ఆటగాడు మాంటూర్ స్కోరు సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో ఫ్లోరిడా గెలిచింది. ఆ గోల్ పడకపోతే ఫ్లోరిడా పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) 17. ఫైనల్ దాకా వెళ్లడంతో 31 అయింది. ఆ పిక్ అప్పటికే మాంట్రియల్ చేతిలో ఉంది, ఏడాది ముందు చియారో అనే ఆటగాడిని ఫ్లోరిడాకి ఇచ్చి తీసుకున్నది. అలా ఆ మ్యాచ్ ఆడని మాంట్రియల్ 14 స్థానాలు పోగొట్టుకుంది. అయినా దీన్ని అన్యాయం అనను. ఫ్లోరిడా 92 పాయింట్ల జట్టు కాదని 2024, 2025లో అది గెలిచిన చాంపియన్ కప్పులు చూపించాయి. పోటీలో ఉన్న జట్టు పిక్ కొనేవాళ్లు 17 అనుకుని కాదు, 32 కూడా రావచ్చనుకునే ధర కట్టాలి.

నిజంగా తప్పు జరిగింది 2020లో. కోవిడ్ వల్ల 24 జట్లతో ఆడించి, క్వాలిఫయింగ్ రౌండ్‌లో ఓడేవాళ్లని కూడా లాటరీలో కలిపారు; మొదటి పిక్ వాళ్లకే తగలడంతో, ఓడిన ఎనిమిదింటికీ దానికోసం రెండో లాటరీలో తలా 12.5 శాతం అవకాశం ఇచ్చారు. కరోలినా చేతిలో 3-0తో ఓడిన న్యూయార్క్ రేంజర్స్‌కి లాటరీ తగిలి, ఆ ఏడాది మొదటి పిక్‌గా లాఫ్రెనియర్ అనే ఆటగాడు దక్కాడు. 71 మ్యాచ్‌లలో 17 మాత్రమే గెలిచిన డెట్రాయిట్ నాలుగో పిక్‌కి పడిపోయింది. డ్రాఫ్ట్ ఉన్నదే అలాంటి జట్టు కోసం.

ఎప్పుడైనా మళ్లీ అలాంటి క్వాలిఫయింగ్ (ప్లే-ఇన్) రౌండ్ పెడితే, అందులో ఓడినవాళ్లని లాటరీకి దూరంగా ఉంచి, మొదటి రౌండ్‌లో ఓడిన జట్లతో కలిపి పాయింట్ల ప్రకారమే వరుస పెట్టాలి.