ఎండకు ఎల్‌సీడీ అంకెలు ఎందుకు అలుక్కుపోతాయి?

ఒంగోలు ఎండలకు తూకం యంత్రపు ఎల్‌సీడీలో కనిపించకూడని గీతలు కూడా నల్లబడుతున్నాయని, తెర మార్చాలా అని అడిగారు. తొందరపడి మార్చకండి. తెరలోని ద్రవ స్ఫటికపు అణువులు తిరిగి గీత నల్లబడడానికి కావలసిన కనీస వోల్టేజి వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది కాబట్టి, చలికాలంలో సరిపోయిన వోల్టేజే మే నెలలో ఎక్కువై, ఆపి ఉంచిన గీతలను కూడా సగం నల్లబరుస్తుంది. మంచి సర్క్యూట్లలో థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే భాగం) సాయంతో ఈ వోల్టేజి తనంతట తానే తగ్గుతుంది. చవక యంత్రాల్లో, వీలుంటే, కాంట్రాస్ట్‌ను మనమే తగ్గించుకోవాలి.

అయితే బ్యాటరీ నుంచి నేరుగా డీసీ (దిశ మారని విద్యుత్తు) ఇచ్చి తెరను పరీక్షించవద్దు (తొందరలో చాలామంది చేసే పని ఇదే). డీసీ నిలిచి ఉంటే విద్యుద్రసాయన చర్య వల్ల స్ఫటిక ద్రవం, ఎలక్ట్రోడ్లు క్రమంగా పాడవుతాయి. స్ఫటికం వోల్టేజి దిశను పట్టించుకోదు గనుక, తెరను నడిపే డ్రైవర్ చిప్ సెకనుకు పదుల సార్లు ధ్రువాలను తారుమారు చేస్తూ, మిగిలే డీసీని సాధారణంగా 50 మిల్లీవోల్టుల లోపే ఉంచుతుంది.