బీరు ల్యాబ్‌లో చేరబోతున్న నా చెల్లెలి కూతురికి

బిడ్డా,

సంగారెడ్డి దగ్గర బీరు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంతోషం సగం, గుబులు సగం. "చుట్టాలు అడిగితే ఏం చెప్పాలక్కా?" అంది. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను చెప్పిన మాటే చెప్పమన్నాను: ఫుడ్ ల్యాబ్. అందులో అబద్ధమేం లేదు. మద్యానికి ప్రమాణాలు పెట్టేది కూడా ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐయే.

మిషన్ల గురించి నీకు నేను నేర్పేదేం లేదు. ఎమ్మెస్సీలో నువ్వు వాడిన మిషన్లలో సగం నేను రిటైరయ్యే ముందు మాత్రమే చూశాను. కానీ నా సర్వీసులో నేను చేసిన తప్పులు, పక్కవాళ్లు చేసిన తప్పులు లెక్కేసుకుంటే మిషన్ దగ్గర జరిగినవి చాలా తక్కువ. శాంపిల్ మిషన్ దాకా వచ్చేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. అందుకే ఈ ఉత్తరమంతా ఆ ముందు జరిగే పని గురించే.

మొదటి రోజు నీకు అప్పగించేది బీరులోంచి గ్యాస్ తీసే పనే అయ్యుంటుంది. చిన్న పని కదా అనుకోకు. ఆల్కహాల్ టెస్టుకైతే బీరును 20 డిగ్రీల దగ్గరికి తెచ్చి, పెద్ద ఫ్లాస్కులో సగానికి మించకుండా పోసి, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా కుదుపు. అరచేత్తో మూతి మూసి చూడు. లోపలి నుంచి చేతిని నెట్టడం ఆగేదాకా కుదుపుతూనే ఉండు. తర్వాత మడతల ఫిల్టర్ పేపర్‌లో వడకట్టేటప్పుడు గరాటు మీద వాచ్‌గ్లాస్ బోర్లించు, లేకపోతే ఆల్కహాల్ గాలిలో కలిసిపోతుంది. గ్యాస్ మిగిలితే పిప్పెట్‌లో బుడగలు చేరతాయి. 100 మి.లీ. అనుకున్నది 99 అవుతుంది, శాతం తగ్గుతుంది.

చేదు టెస్టు దగ్గర మాత్రం ఇదంతా మర్చిపో. హాప్స్ అనే పూల నుంచి వచ్చే చేదు పదార్థాలు నురగకు అతుక్కుంటాయి. నువ్వు గట్టిగా కుదిపి నురగను ఫ్లాస్కు గోడలకు వదిలేస్తే చేదు కూడా అక్కడే ఉండిపోతుంది. కాబట్టి నురగ పోకుండా చూసుకోవాలి. 10 మి.లీ. బీరుకు కొంచెం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 20 మి.లీ. ఐసో ఆక్టేన్ అనే ద్రావకం కలిపి ఊపుతాం. పైకి తేలిన ఐసో ఆక్టేన్ పొర 275 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతిని పీల్చుకుంటుందో చూసి, వచ్చిన రీడింగును 50తో గుణిస్తే చేదు యూనిట్లు వస్తాయి. ఆ పొరను పోసే చిన్న పాత్రను క్యువెట్ అంటారు. మామూలు గాజు క్యువెట్ పెట్టావనుకో, ఆ అతినీలలోహిత కాంతిని గాజే మింగేస్తుంది. క్వార్ట్జ్ క్యువెట్ కావాలి. కొత్తగా చేరిన పిల్లలు బీరును అనుమానిస్తారు, బ్రూమాస్టర్‌ను అనుమానిస్తారు, క్యువెట్‌ను మాత్రం అనుమానించరు.

ఇక పిక్నోమీటర్, అంటే ప్రతిసారీ కచ్చితంగా ఒకే పరిమాణం పట్టే చిన్న గాజు సీసా. మీ ల్యాబ్‌లో డెన్సిటీ మీటర్ ఉంటుంది, ఒక్క నిమిషంలో అంకె చూపిస్తుంది. అయినా బీరును మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టే డిస్టిలేషన్ చేసి, వచ్చిన డిస్టిలేట్‌ను పిక్నోమీటర్‌తో తూచడం చేత్తో నేర్చుకో. 5 శాతం బీరు డిస్టిలేట్ సాపేక్ష సాంద్రత 0.993కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. నాలుగో దశాంశంలో ఒక్క అంకె మారితే ఆల్కహాల్ దాదాపు 0.07 శాతం మారుతుంది. 50 మి.లీ. సీసా బయట ఒక్క నీటిచుక్క తుడవకుండా వదిలేశావంటే, ఆ చుక్క బరువు 50 మిల్లీగ్రాములు, ఆల్కహాల్ 0.7 శాతం తక్కువ చూపిస్తుంది. ఒక చుక్కకు అంత! సీసాను అరచేత్తో పట్టుకోకు, చేతి వేడి తగులుతుంది. మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకో.

ఈ వేడి సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఒక మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయింది, వాటర్‌బాత్ ఆగింది. తిరిగి వచ్చాక 20 చూపిస్తోందో లేదో నేను చూడలేదు. డిస్టిలేట్ 22 డిగ్రీల దగ్గర ఉంది. వేడికి సాంద్రత తగ్గుతుంది, సాంద్రత తగ్గితే ఆల్కహాల్ ఎక్కువగా కనిపిస్తుంది. 4.8 రావాల్సింది 5.1 వచ్చింది. మామూలు బీరుకూ స్ట్రాంగ్ బీరుకూ మధ్య గీత సరిగ్గా 5 దగ్గరే ఉంటుంది. టెన్షన్‌తో రిపోర్టు పైకి పంపాను. ట్యాంకు ఆపేశారు, రాత్రంతా ఫిల్లింగ్ లైన్ ఖాళీగా నిలబడింది. పొద్దున మళ్లీ చేస్తే 4.8. ఎవరూ తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. ఆ తర్వాత థర్మామీటర్ రీడింగు నోట్‌బుక్‌లో రాయకుండా ఒక్క బరువు కూడా రాయలేదు.

అంకెల దగ్గర ఇంకో జబ్బు ఉంది. మూడుసార్లు చేస్తాం, రెండు దగ్గరగా వస్తాయి, ఒకటి దూరంగా పోతుంది. దూరం పోయినదాన్ని కొట్టేయాలనిపిస్తుంది. కారణం తెలిస్తేనే కొట్టెయ్యి, కారణం కూడా పక్కనే రాయి. కొద్ది శాంపిల్స్‌తో ఎంతవరకు నమ్మొచ్చు అనే లెక్క పుట్టిందే బీరు కంపెనీలో. డబ్లిన్‌లో గిన్నిస్ బ్రూవరీలో పనిచేసిన విలియం సీలీ గోసెట్ 1908లో ఆ లెక్కను 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించాడు. నువ్వు కాలేజీలో బట్టీ పట్టిన టీ-టెస్ట్ అదే.

ముక్కు గురించి కూడా చెప్పాలి. టేస్టింగ్ ప్యానెల్‌లోకి నిన్ను పిలుస్తారు. ఆ రోజు మల్లెపూలు పెట్టుకోకు, కొబ్బరినూనె రాసుకోకు, సోంపు నమలకు. మల్లెపూల సీజన్లో నాకు ఇదే పెద్ద త్యాగం. తడిసిన అట్టముక్క వాసన వస్తే బీరుకు ఆక్సిజన్ తగిలిందని అర్థం. ఉడికించిన మొక్కజొన్న కంకి వాసన డైమిథైల్ సల్ఫైడ్‌ది. వెన్న వాసన డయాసిటైల్‌ది, అది లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉన్నా చాలామందికి తెలిసిపోతుంది. ఇక్కడ ఒక మోసం ఉంది. ట్యాంకులో ఉన్నప్పుడు బీరుకు వెన్న వాసన లేకపోవచ్చు, కానీ డయాసిటైల్‌గా మారే పదార్థం లోపల మిగిలి ఉంటే సీసాలోకి వెళ్లాక బయటపడుతుంది. అందుకే మూతపెట్టిన శాంపిల్‌ను 60 డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి, వేడిచేయని దాని పక్కన పెట్టి వాసన చూడు. వేడిచేసినదానిలో వెన్న వాసన వస్తే ఈస్టు పని ఇంకా పూర్తి కాలేదన్నమాట. ప్రొడక్షన్ వాళ్లు ఎంత తొందరపెట్టినా ఆగమను.

మైక్రోబయాలజీ గురించి ఒక్క మాట: బీరును పులుపెక్కించి పాడుచేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా ప్లేటు మీద పెరిగి కనిపించడానికి రోజులు పడుతుంది, లారీ అన్ని రోజులు ఆగదు. కాబట్టి వాల్వులు, గొట్టాల దగ్గర తీసే శాంపిళ్ల విషయంలో బద్ధకించకు.

బీరు ఫ్యాక్టరీకి రాకముందు కొన్నేళ్లు నేను కల్లు శాంపిల్స్ చూశాను. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలిపారేమోనని చూసే పని. కల్లు సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది. పట్టుకున్న రోజు ఉన్న ఆల్కహాల్ టెస్టు రోజు ఉండదు. అందుకే చల్లగా ఉంచారా, సీలు సరిగ్గా ఉందా, చీటీ మీద నంబరు కలుస్తోందా అన్నదే మొదట చూసేవాళ్లం. క్లోరల్ హైడ్రేట్‌కు పిరిడిన్, కాస్టిక్ సోడా వేసి వేడిచేస్తే ఎర్రగా మారుతుంది. ఆ పిరిడిన్ వాసన చీరకు పట్టి, బస్సులో పక్క సీటు ఖాళీగా దొరికేది. కానీ క్లోరోఫాం కూడా అదే రంగు ఇస్తుంది. ఒకసారి పక్క బల్ల మీద ఎవరో క్లోరోఫాం వాడుతుంటే, ఏమీ కలపని మా బ్లాంకే గులాబీరంగులోకి తిరిగింది. బ్లాంకు పెట్టకపోయి ఉంటే ఒక గీత కార్మికుడి మీద కేసు నడిచేది. బీరైనా కల్లైనా బ్లాంకు లేకుండా ఏ రంగునూ నమ్మకు.

చివరగా చుట్టాల సంగతి. రేపు పెళ్లిళ్లలో ఎవరో బాబాయి సీసా పట్టుకొచ్చి "అసలుదా, డూప్లికేటా, కాస్త చూసి చెప్పమ్మా" అంటాడు. వాసన చూసి, రుచి చూసి విషమైన మిథనాల్ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. అంటించి నీలిమంట చూసి చెప్పేస్తామనే వాళ్ల మాట అసలు వినకు. దానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలి, సీలు వేసిన శాంపిల్ కావాలి. "అనుమానముంటే తాగకు బాబాయ్" అని మర్యాదగా చెప్పి భోజనాల వైపు వెళ్లిపో.

మొదటి జీతంతో నాకు చీర కొనకు, బీరువాలో ఖాళీ లేదు. చేరిన వారంలో మీ ల్యాబ్ పిక్నోమీటర్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో 20 డిగ్రీల దగ్గర నింపి, మూడు రోజులు, రోజుకు మూడుసార్లు తూచు. ఆ తొమ్మిది అంకెలూ, పక్కనే ఉష్ణోగ్రతలూ రాసి ఫొటో తీసి నాకు పంపు. కొట్టివేతలుంటే అవి కూడా కనిపించేలా తీయి.

మీ పెద్దమ్మ