శృంగారమా, ప్రణయమా, వలపా?

సందేహం: మా పెళ్లిరోజుకు ఏఐ చేత ఒక పాట రాయిద్దామని 'మధురమైన రొమాంటిక్ ప్రేమ పాట రాయి' అని ప్రాంప్టు ఇచ్చాను. చప్పగా వచ్చింది. 'రొమాంటిక్' తీసేసి 'శృంగార' అని పెడితే నలుగురిలో పాడలేని పాట వచ్చింది. అక్కడ ఏ మాట వాడాలండీ?

సమాధానం: శృంగారం రసాల్లో మొదటిది. ఎడబాటు కూడా అందులో భాగమే. దాన్ని విప్రలంభం అన్నారు. అంత విశాలమైన మాటను పడకగదికి కుదించింది మనమే. యంత్రం మన వాడుకనే మనకు తిరిగి అప్పజెప్పింది. ప్రణయం అనవచ్చు, తప్పులేదు; కాస్త గ్రాంథికపు బిగువు ఉంటుంది.

నన్నడిగితే వలపు అంటాను. ఈ మాటకు అనురాగమే కాదు, సువాసన అనీ అర్థం ఉంది. వలచడమంటే ప్రేమించడం, పరిమళించడం కూడా. ప్రాస కోసం తలపు పక్కన కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ ఆ పరిమళాన్ని పోగొట్టుకున్నాం.

'మనుచరిత్ర' రాసిన అల్లసాని పెద్దనను తలచుకోండి. ఎగిరి వెళ్లడానికి కాళ్లకు రాసుకున్న పాదలేపం హిమాలయంలో కరిగి దారి తప్పిన ప్రవరుడికి ముందు వరూధిని కనపడదు. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన తక్కిన పరిమళాలన్నిటినీ కప్పేస్తూ గాలిలో వస్తుంది. 'మగువ పొలుపుఁ దెలుపు నొక్క మారుత మొలసెన్' అన్నాడు. అందగత్తె అనలేదు, మధురం అనలేదు. ఇక్కడో మగువ ఉందని గాలి చేత చెప్పించాడు. ఆ పద్యంలో వలపు అన్న మాట లేదు, దాని రెండో అర్థం మాత్రం నిండుగా ఉంది. ఎన్నిసార్లు చదివినా ఆ గాలి దగ్గర నేను ఆగిపోతాను.

మీ ప్రాంప్టులో మధురం, రొమాంటిక్, ప్రేమ మూడూ ఒకటే చెబుతున్నాయి. విశేషణాలు గుప్పిస్తే భావం చిక్కబడుతుందనుకోవడం ఈనాటి జబ్బు. నాటకాల్లో ప్రాంప్టు అంటే తెర చాటునుంచి సరైన మాట అందించడం. మీరూ అదే చేయండి. పెళ్లినాడు ఆవిడ జడలో ఏ పూలున్నాయో, మొదటిసారి ఏమని పిలిచారో అందించండి. నడక తేలిగ్గా ఉండాలంటే 'జావళిలా' అని చేర్చండి; జావళి అంటే తేలిక నడకతో సాగే ప్రేమ పాట.

వలపు అనగానే యంత్రం అంతా గ్రహిస్తుందని పూచీ పడలేను. ఆ పూల పేరు మాత్రం తప్పక రాయండి. అది ఉంటే, పక్కన 'శృంగార' అన్నా నాకు పెద్దగా అభ్యంతరం లేదు.